అంచు కలిస్తేనే టైల్స్ మేస్త్రీ

పక్కపక్కన పరిచిన రెండు టైల్స్‌లో ఒకదాని అంచు రెండోదాని కన్నా పైకి ఉంటే, ఆ ఎత్తు తేడాకు నిర్మాణరంగంలో లిప్పేజ్ అని పేరు. సైట్‌లో ఆ మాట పెద్దగా వినిపించదు. ‘అంచు లేచింది’, ‘కాలికి తగులుతోంది’ అంటారు. ఫ్లోరింగ్ పనిలో చేరిన కుర్రాడు ఎన్నేళ్లు హెల్పర్‌గా ఉంటాడు, ఎప్పుడు మేస్త్రీ అవుతాడు అన్నది చాలావరకు ఈ అంచు దగ్గరే తేలుతుంది. టైల్ కోయడం కొన్ని నెలల్లో వస్తుంది. ఇల్లంతా ఎక్కడా అంచు తగలకుండా పరచడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

ఎంత తేడా ఉంటే తప్పు పట్టాలి? అమెరికాలో పాటించే ఏఎన్‌ఎస్‌ఐ ఏ108.02 ప్రమాణం దీనికి లెక్క చెబుతుంది. జాయింటు సుమారు 6 మి.మీ. కన్నా సన్నగా ఉంటే 0.8 మి.మీ. తేడా వరకు పర్వాలేదు. జాయింటు అంతకన్నా వెడల్పుగా ఉంటే 1.6 మి.మీ. దాకా ఒప్పుకుంటారు. టైల్‌కు తయారీలోనే వచ్చిన వంపును దీనికి అదనంగా లెక్కేస్తారు. 0.8 మి.మీ. కొలవడానికి ప్రత్యేక పరికరం అక్కర్లేదు. జేబులో ఉండే ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ. కిందున్న టైల్ మీద కార్డును పడుకోబెట్టి అంచుకు ఆనిస్తే, లేచిన అంచు కార్డును మించిందో లేదో వేలిగోటికే తెలుస్తుంది.

పాత ఇళ్లలో ఈ బాధ ఇంతగా లేదు. తాండూరు బండలు, షాబాద్ బండలు పరిచిన ఇంట్లో కాస్త ఎత్తుపల్లం ఉన్నా ఎవరూ పట్టించుకునేవారు కాదు. మొజాయిక్ టైల్స్ అయితే పరిచాక పాలిష్ మిషన్ తిప్పేవారు. మేస్త్రీ చేతి తప్పును మిషన్ అరగదీసేది. ఇప్పుడు గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల్లో దిగుతున్న విట్రిఫైడ్ టైల్‌కు మెరుపు ఫ్యాక్టరీలోనే పెడతారు. ఇంట్లో అరగదీస్తే పైపొర పోతుంది. అంటే పరిచినప్పుడు కుదిరిందే చివరిదాకా ఉంటుంది. పైగా సైజు పెరిగింది. అడుగు టైల్స్ పోయి రెండడుగులవి, రెండు బై నాలుగు అడుగులవి వచ్చాయి, జాయింటు సన్నబడింది. కిటికీలోంచి పక్కవాటుగా పడే పొద్దుటి ఎండలో అర మిల్లీమీటరు అంచు కూడా నల్లటి గీతలా నీడ వేస్తుంది. సాయంత్రం బల్బు వెలుగులో బాగుందనిపించిన హాలు మర్నాడు వేరేగా కనబడటానికి కారణం ఇదే.

చాలామంది కొత్తవాళ్లు తప్పును టైల్ వేసే క్షణంలో వెతుకుతారు. అసలు తప్పు అంతకుముందే, కింది నేలలో ఉంటుంది. ఏదో ఒక వైపు 15 అంగుళాలు దాటిన టైల్‌కు, కింది నేల పది అడుగుల పొడవున 3 మి.మీ. కన్నా ఎక్కువ ఎగుడుదిగుడుగా ఉండకూడదన్నది ఆమోదించిన కొలత. చిన్న టైల్ అయితే దానికి రెట్టింపు, 6 మి.మీ. దాకా తట్టుకుంటుంది. పొడవాటి అల్యూమినియం బద్దను గది నాలుగు దిక్కులా, మూల నుంచి మూలకూ పెట్టి చూస్తే గుంటలు, గుబ్బలు బయటపడతాయి. గుబ్బను చెక్కాలి, గుంటను ముందురోజే మాలుతో పూడ్చాలి. ఇక్కడ దాటేసిన గుంటను టైల్ కింద మందంగా మాలు పోసి సరిచేద్దామనుకునేవాళ్లు తర్వాత విచారిస్తారు, ఎందుకంటే మందంగా పోసినచోట మాలు ఎక్కువ కుంగుతుంది.

లెవెల్ మార్కులకు నీటి గొట్టం ఇప్పటికీ నమ్మకమైనదే. రెండు కొసల్లో నీరు ఒకే ఎత్తున నిలుస్తుంది కాబట్టి గదులు మారినా లెక్క తప్పదు, గొట్టంలో గాలి బుడగ లేకుండా చూసుకుంటే చాలు. లేజర్ లెవెల్ అదే పనిని త్వరగా చేస్తుంది. మూలమట్టానికి 3, 4, 5 అడుగుల లెక్క ఉండనే ఉంది: ఒక గోడ వెంట 3, రెండో గోడ వెంట 4 గుర్తుపెడితే, వాటి మధ్య ఏటవాలు కొలత సరిగ్గా 5 రావాలి.

తర్వాత టైల్‌ను చూడాలి. బట్టీలో కాలినప్పుడు పెద్ద టైల్ కొద్దిగా వంగుతుంది. రెండు టైల్స్‌ను ముఖాముఖి ఆనిస్తే మధ్యలోనో కొసల్లోనో సందు కనబడుతుంది. చెక్క పలకల్లా కనబడే పొడవాటి టైల్స్‌లో ఈ వంపు మరీ ఎక్కువ. వాటిని ఇటుక వరసలా సగానికి సగం జరిపి వేస్తే ఒక టైల్ నడుము ఎత్తు, పక్క టైల్ కొస పల్లం పక్కపక్కనే వచ్చి, ఎంత ఓపికగా కొట్టినా అంచు కలవదు. అందుకే పెద్ద టైల్స్‌ను మూడో వంతుకు మించి జరపవద్దంటారు. ఇంటాయన సగం జరపమంటే కారణం చెప్పి ఒప్పించడం కూడా మేస్త్రీతనంలో భాగమే.

పరచడంలో మన దగ్గర రెండు పద్ధతులున్నాయి. ఇసుక, సిమెంటు మాలు పరిచి, పైన సిమెంటు పాలు పోసి, టైల్ దించి రబ్బరు సుత్తితో తట్టడం పాతది. మెత్తటి మాలు మీద టైల్‌ను అటూ ఇటూ సర్దుకోవచ్చు, అది సుఖమే. కానీ నీరు ఇంకేకొద్దీ మాలు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ దిగుతుంది. రాత్రి కలిసిన అంచు పొద్దున లేస్తుంది. గట్టిపడకముందే మూల మీద ఎవరైనా కాలు పెడితే అంతే సంగతులు. పైగా విట్రిఫైడ్ టైల్ పీల్చే నీరు దాని బరువులో 0.5 శాతం మించదు కనుక సిమెంటు పాలు దాన్ని గట్టిగా పట్టుకోలేవు. ఇలాంటి టైల్స్‌కు అడెసివ్ వాడటం రెండో పద్ధతి. మన దేశంలో అడెసివ్‌లకు ఐఎస్ 15477 ప్రమాణం ఉంది. పళ్ల తాపీతో గీతలన్నీ ఒకే దిక్కుకు లాగాలి, గుండ్రంగా తిప్పితే లోపల గాలి చిక్కుకుంటుంది. పెద్ద టైల్ వెనక కూడా పలుచగా పూయాలి. మామూలు గదిలో టైల్ అడుగున 80 శాతం, తడి తగిలే చోట 95 శాతం అంటుకోవాలన్నది నియమం. తెలుసుకోవడానికి దారి ఒకటే: మధ్యమధ్య ఒక టైల్‌ను ఎత్తి చూడటం. మే నెల ఎండలో పూసిన అడెసివ్ చప్పున పొర కడుతుంది కాబట్టి చేతికి అందేంత మేరే పూసుకోవాలి.

ఈ మధ్య ప్రతి సైట్‌లో లెవెలింగ్ క్లిప్పులు, వెడ్జ్‌లు కనబడుతున్నాయి. క్లిప్పు అడుగుభాగం రెండు టైల్స్ కిందికి వెళ్తుంది, పైన వెడ్జ్ బిగిస్తే రెండు అంచులూ ఒకే ఎత్తుకు వస్తాయి. మూల నుంచి రెండంగుళాల దూరంలో మొదటిది పెట్టి, మిగతావి సమాన దూరంలో పెడతారు. అడెసివ్ గట్టిపడ్డాక, సాధారణంగా మర్నాడు, జాయింటు వెంటే రబ్బరు సుత్తితో కొడితే పైభాగం విరిగి ఊడుతుంది. అడ్డంగా కొడితే టైల్ అంచు పెచ్చు లేస్తుంది. క్లిప్పు మంచి సాయమే కానీ మందు కాదు. కింద గుంట ఉన్నచోట క్లిప్పు టైల్‌ను పైకి లాగి పట్టుకుంటుంది, అడుగున ఖాళీ మిగులుతుంది. తట్టి చూస్తే గుల్ల శబ్దం వచ్చే టైల్స్‌లో చాలావాటి కథ ఇదే. అంచు చూడటానికి బాగుంటుంది, బరువైన బీరువా జరిపిన రోజు టైల్ పగులుతుంది.

బాత్రూమ్‌ది వేరే చిక్కు. నేల నాలుగు వైపుల నుంచి జాలి వైపు వాలాలి. పెద్ద టైల్ రెండు దిక్కులకు వంగదు. చిన్న టైల్స్ వేయడమో, వాలు గీతల వెంట మూల నుంచి మూలకు కోయడమో, గోడ వారగా పొడవాటి జాలి పెట్టి నేలను ఒకే దిక్కుకు వాల్చడమో చేయాలి.

ఈ పనిలో ఎదుగుదల మెట్లు సైట్‌లోనే ఉంటాయి. హెల్పర్ మొదట మాలు కలుపుతాడు, తర్వాత కటింగ్, జాయింట్లు నింపడం, స్కర్టింగ్, బాత్రూమ్ గోడలు, ఆఖరున హాలు నేల. మేస్త్రీకి కూలి ఎక్కువగా చదరపు అడుగు చొప్పున, స్కర్టింగ్‌కు రన్నింగ్ అడుగు చొప్పున కడతారు. కాబట్టి వేగం ఊరిస్తుంది. కానీ లేచిన ఒక్క టైల్‌ను పీకి మళ్లీ వేయాలంటే పక్కవాటి అంచులు కూడా పెచ్చులూడతాయి, ఆ రోజు సంపాదన దానికే సరిపోతుంది.

శిక్షణ కావాలనుకునేవారికి 1998లో హైదరాబాద్‌లో మొదలైన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ నిర్మాణ వృత్తుల కోర్సులు నడుపుతోంది. ఐటీఐల్లో మేసన్ ట్రేడ్ ఉంది. ఇప్పటికే పని వచ్చి కాగితం లేనివారికి, అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో రాజమేస్త్రీ ఒకటి. శిక్షణ కాలంలో రోజుకు రూ.500 భృతి, పనిముట్లకు రూ.15,000 ఇస్తారు. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన 18 నుంచి 60 ఏళ్లలోపువారు నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. మొదటి జీతంలోంచి కొనాల్సినవి మోకాలి ప్యాడ్లు, మాస్కు. పొడిగా కోసినప్పుడు లేచే సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. నీళ్లు పోస్తూ కోయడమే క్షేమం.

కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారిలో టైల్స్ మేస్త్రీలు కూడా ఉంటారు. కేంద్రం దగ్గర నమోదైన ఏజెంటు జీఎస్టీ కాక రూ.30,000 మించి సేవా రుసుము తీసుకోకూడదు. ఎంపికకు ట్రేడ్ టెస్ట్ పెడితే అభ్యర్థి చేత కొద్ది మేర నేలో గోడో వేయించి చూస్తారు. అక్కడ మాటలతో పని ఉండదు. పరీక్షించేవాడు బద్దను మూల నుంచి మూలకు ఆనిస్తాడు, జాయింట్ల వెంట వేలు నడుపుతాడు, ఆఖరున ఒక టైల్‌ను ఊడదీసి వెనక్కి తిప్పి చూస్తాడు.