రామములక – పేరునందలి పాఠము

పచ్చిగా ఉప్పు చల్లుకొని తినుటకును, పప్పులోను పులుసులోను వండుకొనుటకును నిత్యము వాడుకలో నున్న టొమాటో పుట్టుకచే మన దేశపు పంట కాదు. దాని పేరును పరదేశమునుండి వచ్చినదే. మెక్సికో దేశపు నహువా ప్రజలు రసముతో ఉబ్బిన కాయలను ‘తొమాత్ల్’ అనిరి. మనమెఱిగిన ఎఱ్ఱని పండునకు ‘షితొమాత్ల్’ అని ప్రత్యేక నామముండెను. 1521లో ఆ రాజ్యమును జయించిన స్పెయిను వారు ‘తొమాతె’ అనిరి. ఇంగ్లీషువారి నోట నది ‘టొమాటో’ యై, మన సంతలలో ‘టమాటా’ యైనది.

మన పెద్దలు దీనికి వేఱొక పేరు పెట్టిరి: రామములక. కొందఱు రామములగ యందురు. కొన్ని సీమలలో మునగను ములగ యనుట గలదు గాని, ఈ పేరునకు ఆ చెట్టుతో సంబంధము లేదు. ఇందలి ములక, గట్లమీద ముండ్లతో ప్రాకు నేలములక. దాని పండును, టొమాటో పండును కోసి ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, గుజ్జులోని చదునైన గింజల పోలికయే వాని చుట్టఱికమును తెలుపును.

శాస్త్రజ్ఞులును ఈ మాటకే వచ్చిరి. 1753లో లిన్నేయసు పండితుడు టొమాటోను వంగతో కూడ ‘సొలానమ్’ అను ప్రజాతిలో చేర్చెను. 1768లో మిల్లరు దానికి వేఱొక ప్రజాతిలో నామకరణము చేసెను. ఇటీవలి జన్యుపరిశోధనలు దానిని మరల సొలానమ్‌లోనికే చేర్చినవి.

ఇది పండితుల ముచ్చట మాత్రమే యని కర్షకులు తలంపరాదు. వంగ వడలి చచ్చిన మడిలోనే టొమాటో నాటి, నారు ఖర్చును కూలియు పోగొట్టుకొన్నవారిని మేము చూచియున్నాము. వంగ, టొమాటో, మిరప, బంగాళాదుంప, పొగాకు ఒకే కుటుంబములోనివి. బాక్టీరియా వలన కలుగు వడలు తెగులు వీని కన్నిటికిని వచ్చును; ఆ క్రిములు నేలలో నిలిచియుండును.

ఆకులు పచ్చగా నుండగనే మొక్క వాలిపోయిన యెడల, మొదలికడ కాండమును కోసి, ఆ కోత కొనను గాజుగ్లాసులోని తేటనీటిలో ముంచి కదలక పట్టుకొనవలెను. కొన్ని నిమిషములలో పాలవంటి తెల్లని పోగులు దిగినచో అది ఈ తెగులే. అట్టి మొక్కలను వేళ్లతో పెఱికి తగులబెట్టి, ఆ మడి నీరు ప్రక్క మళ్లలోనికి పాఱకుండ కట్టవలెను. పిదప కొన్నేండ్లు ఆ నేలలో వరి, జొన్న, మొక్కజొన్న వంటి పైరులనే వేయవలెను.

పేరు చుట్టఱికమును చెప్పుచున్నది. నారు కొనుటకు ముందే, ఆ మడిలో గడచిన యేడు దాని చుట్టమేదైన నుండెనాయని విచారించుకొనుడు.