బడిలో ఇచ్చిన చీటీ



మన పిల్లలు బడికి పోతారు. అక్కడ చదువు చెబుతారు. మధ్యాహ్నం అన్నం పెడతారు. ఇంకో పని కూడా జరుగుతుంది. డాక్టర్లు వచ్చి పిల్లల్ని చూస్తారు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఈ పథకం 2013లో మొదలైంది. పేరు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. స్వాస్థ్యం అంటే ఆరోగ్యం. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల పిల్లల వరకు ఉచితంగా పరీక్ష చేయాలి. అంగన్‌వాడీలో ఏడాదికి రెండుసార్లు చేయాలి. సర్కారు బడిలో ఏడాదికి ఒకసారి చేయాలి.

డాక్టర్లు ఏం చూస్తారు? బరువు, ఎత్తు చూస్తారు. కళ్లు, చెవులు, పళ్లు, చర్మం చూస్తారు. రక్తం తక్కువగా ఉందా, గుండెలో లోపం ఉందా అని చూస్తారు. లోపం ఉన్నట్టు తోస్తే చీటీ రాసి పెద్ద ఆసుపత్రికి పంపుతారు.

చీటీ ఇంట్లో ఉంటే జబ్బు తగ్గదు. బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోవాలి.

హైదరాబాదులో ఒక బస్తీ. ఒక అమ్మ, టీచరమ్మ మాట్లాడుకుంటున్నారు. చదవండి.

టీచరమ్మ: అక్కా, పోయిన నెల పాపకు చీటీ ఇచ్చారు కదా. ఆసుపత్రిలో చూపించారా?

అమ్మ: లేదు టీచరమ్మా. డబ్బాల పెట్టిన. ఒక రోజు పోతే కూలి పోతది.

టీచరమ్మ: చీటీ ఇంగ్లీషులో ఉంది. కింద నేను తెలుగులో రాశాను. చదవండి.

అమ్మ: (కూడబలుక్కుని) దూ-రం చూ-పు త-క్కు-వ. కంటి ఆసుపత్రిలో చూపించాలి. అయ్యో! అందుకేనా టీవీ దగ్గరికి పోయి కూసుంటది? మొద్దు పిల్ల అని వాళ్ల నాయన తిడుతుండె.

టీచరమ్మ: పాప మొద్దు కాదక్కా. బోర్డు మీది అక్షరాలు కనబడక తప్పులు రాస్తోంది. ముందు వరుసలో కూర్చోబెడితే బాగా రాసింది.

అమ్మ: ఆడపిల్లకు కళ్లద్దాలు పెడితే రేపు పెళ్లెట్ల అయితది? మా అత్తమ్మ ఊకోదు.

టీచరమ్మ: అక్షరం కనబడకపోతే చదువు మీద మనసు పోతుంది. బడి మానేస్తుంది. మీరు చిన్నప్పుడు ఎందుకు చదువుకోలేదు?

అమ్మ: మాన్పించిండ్రు. (కొంచెంసేపు ఆగి) సోమవారం తోలుకపోత. పోతే ఒక రోజు కూలే కదా.

ఇవి గుర్తుపెట్టుకోండి

1. చీటీలు, టీకాల కార్డు ఒకే సంచిలో దాచండి. చీటీ అర్థం కాకపోతే టీచర్‌తో తెలుగులో రాయించుకోండి.

2. హైదరాబాదులో పిల్లల జబ్బులకు నీలోఫర్ ఆసుపత్రి ఉంది. కళ్లకు మెహదీపట్నంలో సరోజినీదేవి ఆసుపత్రి ఉంది. చెవి, ముక్కు, గొంతుకు కోఠిలో ఆసుపత్రి ఉంది. మూడూ సర్కారువే.

3. జ్వరం, దగ్గు వంటి వాటికి బస్తీ దవాఖానాకు పోవచ్చు. ఇవి 2018లో మొదలయ్యాయి. చూసినందుకు, మందులకు డబ్బు తీసుకోరు.

4. చూపు తక్కువైన బడి పిల్లలకు కళ్లద్దాలు ఉచితంగా ఇచ్చే పథకం ఉంది. అడగండి.

5. నులిపురుగుల మాత్ర ఏడాదికి రెండుసార్లు ఇస్తారు. నమిలి మింగాలి.

6. రక్తం పెరగడానికి వారానికి ఒక ఐరన్ మాత్ర ఇస్తారు. చిన్న తరగతులకు గులాబి రంగు మాత్ర, 6వ తరగతి నుంచి నీలం రంగు మాత్ర. అన్నం తిన్నాకే వేసుకోవాలి.

7. బడికి పోయే వయసులోనూ టీకాలు ఉన్నాయి. 5 ఏళ్లు దాటాక ఒకటి, 10 ఏళ్లకు ఒకటి, 16 ఏళ్లకు ఒకటి.

ఖాళీలు నింపండి

అంగన్‌వాడీలో ఏడాదికి ______ సార్లు పరీక్ష చేయాలి.
ఐరన్ మాత్ర ______ తిన్నాక వేసుకోవాలి.

మాట్లాడుకోండి

మీ పిల్లల బడికి డాక్టర్లు ఎప్పుడు వచ్చారు? తెలియకపోతే రేపే బడికి పోయి అడగండి.
మీ ఇంట్లో ఇలాంటి చీటీ ఉందా? తీసి చదవండి. చదవడం ఇప్పుడు మనకు వచ్చు.