చక్రపు వంకర తీయు స్టాండు: ఏది కొనదగినది?

ప్రశ్న: మురమళ్ళలో చిన్న సైకిలు దుకాణము నడుపుచున్నాను. తలక్రిందులు చేసిన సైకిలు ఫోర్కులోనే చక్రముల బెండు తీయుచున్నాను. కొలది దినములకే మరల వంకరపోవుచున్నవి. ఒంటిచేతి స్టాండు మేలా, రెండుచేతులదా?

జవాబు: అయ్యా, స్టాండు వంకరను చూపునే గాని తీయదు. మీ చక్రములు మరల వంకరపోవుటకు మూలము పుల్లల బిగువు సమముగా లేకపోవుటయే. దానికి తోడు మీ గోదావరి తీరపు తేమకు నిప్పిళ్ళు తుప్పు పట్టి, త్రిప్పినపుడు పుల్ల తానే మెలిపడి, తరువాత నెమ్మదిగా విడివడుచుండును. కనుక ముందుగా నిప్పిలు మొదలున నూనెచుక్క వేసి, పావుచుట్టు చొప్పుననే త్రిప్పుచు, ఒకే ప్రక్కనున్న పుల్లలను మీటి, అన్నియు ఒకే స్వరము పలుకువరకు సరిచేయుడు.

ఇక స్టాండు. ఒంటిచేతిది చౌక, తేలిక. బరువైన చక్రము క్రింద ఊగును. రెండుచేతులవానిలో చక్రమును తానే మధ్యకు తెచ్చునది వేగవంతమే గాని, వాడుకలో దాని మధ్యరేఖ తప్పవచ్చును. అందుచే ఏ స్టాండునందైనను చక్రమును కుడియెడమలు మారునట్లు త్రిప్పిపెట్టి, స్టాండు సూచికకు రిమ్ముకు నడుమ ఎడము మారలేదని చూచుకొనవలెను. గేరు సైకిళ్ళ వెనుక హబ్బు సాధారణముగా 130 లేక 135 మిల్లీమీటర్లుండును; అంత వెడల్పునకు విచ్చుకొను, బరువైన పీఠముగల రెండుచేతుల స్టాండే మీ దుకాణమునకు తగినది.

రిమ్ము మడతపడినను, పుల్లలు ఒకేచోట పదేపదే తెగుచున్నను, స్టాండుతో కాలయాపన చేయక, అమలాపురములో చక్రములల్లు అనుభవజ్ఞుడైన మేస్త్రీకి చూపుడు.