సైకిలుకు సామగ్రి బిగించుట

తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్ నగరంలో లింబాయత్ వైపు వెళ్ళిన తెలుగువానికి పరాయి ఊరిలో ఉన్నానన్న భావం కొంత తగ్గుతుంది. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుండి తరలివెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు చాలాకాలంగా అక్కడ స్థిరపడి ఉన్నాయి. మగ్గాల షెడ్లలో పని పగటి పాళీ, రాత్రి పాళీగా సాగుతుంది. పన్నెండు గంటలు నిలబడి పనిచేసి ఇంటికి మళ్ళే కార్మికుల్లో సైకిలునే నమ్ముకున్నవారు అనేకులు. ఆ సైకిలుకు వెనుక క్యారియరు, దానిపై మూట, ముందు దీపం, రాడ్డుపై బిడ్డ కూర్చునే చిన్న సీటు ఉంటాయి. వీటిలో చాలా భాగం సైకిలుతో పాటు వచ్చినవి కావు, తరువాత బిగించినవి. బిగింపు సరిగా లేకుంటే దెబ్బ తినేది సామాను మాత్రమే కాదు.

బిగించే పనిముట్టును గుజరాతీలో ‘పానూ’ అంటారు. హిందీలోనూ, మన ఊళ్ళలోనూ అది ‘పానా’యే. పేరు విషయంలో పేచీ లేదు. దాన్ని ఎంత తిప్పవలెనన్నదే ప్రశ్న. ఒకప్పుడు ఇటువంటి సూచనలనే హిందీ నుండి అనువదిస్తూ నేను ‘బాగా బిగించండి’ అని వ్రాసి ఊరుకున్నాను. మూలానికి అది సరైన అనువాదమే. కాని చదివినవాడు గొట్టం నొక్కుపడేదాకా తిప్పితే తప్పు ఎవరిది? ‘కదలకుండా బిగించండి’ అని ఉండవలసిందని తరువాత తోచింది.

సైకిలు ఫ్రేము లోపల బోలుగా ఉండే గొట్టాలతో తయారవుతుంది. గుండ్రని గొట్టం బరువును చక్కగా మోస్తుంది గాని, దాని గోడ పలుచన. ఒకచోట నొక్కుపడితే, భారం పడినప్పుడు గొట్టం అక్కడే వంగనారంభిస్తుంది. కాబట్టి గొట్టం చుట్టుకొలతకు సరిపోయి, చుట్టూ సమంగా పట్టే క్లిప్పునే ఎన్నుకోవాలి. క్లిప్పు కింద పాత ట్యూబు ముక్క ఒక చుట్టు వేస్తే రంగు గీసుకుపోదు. సముద్రపు తేమ సోకే సూరత్ వంటి చోట రంగు పోయిన ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. చేతితో గట్టిగా మెలిపెట్టినా క్లిప్పు కదలకపోతే చాలు. రబ్బరు అణగుతుంది గనుక కొద్దిరోజుల తరువాత మరొకసారి పరీక్షించాలి.

గొట్టానికి రంధ్రం మాత్రం చేయరాదు. రంధ్రపు అంచు నుండే పగులు మొదలవుతుంది, లోపలికి నీరూ చేరుతుంది. 2006 ఆగస్టులో తాపీ పొంగి సూరత్‌లో అధికభాగాన్ని ముంచింది. అటువంటి నీటిలో నానిన సైకిలును పైపైన తుడిస్తే సరిపోదు; గొట్టం లోపలి నీటినీ వంపి ఆరబెట్టాలి.

రబ్బరు చుట్టకూడని సందర్భం కూడా ఒకటున్నది. పాతకాలపు డైనమో నుండి దీపానికి ఒక్క తీగే ఉంటుంది; విద్యుత్తు తిరిగివచ్చే దారి ఫ్రేమే. అందుచేత డైనమో క్లిప్పులోని చిన్న మర రంగును చీల్చుకొని ఇనుమును తాకాలి. అక్కడ రబ్బరు వేస్తే దీపం వెలగదు. ముందు ఫోర్కుకు బిగించిన డైనమో వదులై స్పోకులలో చిక్కితే చక్రం హఠాత్తుగా ఆగి, మనిషి హ్యాండిలు మీదుగా పడతాడు. నేటి బ్యాటరీ దీపాలతో ఈ చిక్కు లేదు.

ఎక్కువమంది చూడనిది వెనుక ఇరుసు. మడ్గార్డు కమ్మీలు, క్యారియరు కాళ్ళు, స్టాండు అన్నీ ఆ ఇరుసుకే తగిలిస్తారు. ఒక్కొక్కటి చేరేకొద్దీ నట్టుకు మిగిలే మరలు తగ్గిపోతాయి. బిగించిన తరువాత ఇరుసు కొన నట్టు అంచుదాకానైనా రావాలి. నట్టు లోపలే ఆగిపోతే పట్టు చాలదు. మూట బరువుకు మరలు అరిగి, చక్రం పక్కకు జరుగుతుంది, గొలుసు ఊడుతుంది. పొడవైన ఇరుసు వేయించుకోవాలి, లేదా ఒక వస్తువును తగ్గించుకోవాలి.

ఇక బిడ్డ సీటు. కడ్డీల బ్రేకు గల పాత నమూనా సైకిలులో ఆ కడ్డీలు ఫ్రేము వెంటే నడుస్తాయి. సీటు క్లిప్పు వాటిని ఏమాత్రం తాకరాదు. బిగించాక హ్యాండిలును రెండువైపులా చివరిదాకా తిప్పి, ప్రతిసారీ బ్రేకు నొక్కి చూడాలి. సీటుతో పాటు పాదాలు ఆనుకొనే మెట్లు ఉండాలి; కాళ్ళు చక్రం వైపు పోకుండా అడ్డు ఉండాలి. నిద్రమత్తులో బిడ్డ కాలు వేలాడేసినా, ఆ పాదం స్పోకులకు అందకూడదు.