షాటర్డ్ స్పేస్ కొనమంటారా?

ప్రశ్న: స్టార్‌ఫీల్డ్ గేమ్ ప్రధాన కథ పూర్తి చేశాను. దానికి వచ్చిన అదనపు కథ షాటర్డ్ స్పేస్ కొందామంటే ఆడినవాళ్లు తిట్టిపోస్తున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ దగ్గరున్నది ప్రీమియం ఎడిషనేమో చూసుకోండి. అందులో ఇది కలిసే వస్తుంది, మళ్లీ డబ్బు పెట్టక్కర్లేదు.

2024 సెప్టెంబరు 30న వచ్చిన ఈ కథ మీద స్టీమ్‌లో మొదటి నుంచీ అసంతృప్తే ఎక్కువ. 30 డాలర్లకు నిడివి తక్కువ, కొత్త ఆయుధాలూ శత్రువులూ అంతంతమాత్రం అన్నారు. అది న్యాయమైన ఫిర్యాదే. నాకు ఎక్కువగా గుచ్చుకున్నది మన వెంట నడిచే సహచరి ఆండ్రేజా సంగతి. వరూన్ వంశపు పిల్ల సొంత గ్రహం వరూన్‌కాయ్‌కి వస్తే, చెప్పడానికి ఆమెకు దాదాపు ఏమీ ఉండదు! ఇంతకంటే మంచి అవకాశం రచయితలకు ఎక్కడ దొరుకుతుంది?

అయితే మెచ్చుకున్నవాళ్ల మాటా కొట్టిపారేయలేం. వెయ్యి గ్రహాల్లో ఒకే రకం స్థావరాలు చూసి విసిగినవారికి, చేత్తో తీర్చిన వరూన్‌కాయ్, అందులోని దాజ్రా నగరం పెద్ద ఊరట. ఆరాకిల్ అంతరిక్ష కేంద్రంలో మొదలయ్యే భయం కూడా బాగా పండింది.

లోకం, వాతావరణం కోసం ఆడేవారైతే ధర తగ్గినప్పుడు తీసుకోండి. మీ నిర్ణయాలతో కథ మలుపు తిరగాలని కోరుకుంటే వద్దు. కొంటే మాత్రం 35వ లెవెల్ దాటాకే వెళ్లండి.