నేలమీద నిర్ణయమయ్యే తొలి గగనయానం

మానవుడు ఆకాశాన్ని అందుకోవడానికి పూర్వమే అతడు చేతితో మలచిన నమూనాలు అక్కడికి చేరుకున్నాయి. 1871లో ఫ్రాన్సు దేశీయుడైన అల్ఫోన్స్ పెనో, మెలిపెట్టిన రబ్బరుతో ప్రొపెల్లరు తిరిగే చిన్న నమూనాను పారిస్ నగరంలోని ట్విలరీ ఉద్యానంలో ఎగురవేశాడు. 1896 మే 6న అమెరికా శాస్త్రజ్ఞుడు శామ్యూల్ లాంగ్లీ నిర్మించిన ఆవిరియంత్రపు నమూనా, మనిషి లేకుండానే, పోటోమాక్ నదిపై సుమారు ఒక కిలోమీటరు ప్రయాణించింది. అదే రూపాన్ని పెద్దదిగా చేసి మనిషిని కూర్చోబెట్టి 1903లో రెండుసార్లు ప్రయోగించినప్పుడు మాత్రం ఆ విమానం నదిలో కూలిపోయింది. చిన్నదానిలో సఫలమైనది పెద్దదానిలో తనంతట తాను సఫలం కాదన్న పాఠం ఆ నాడే లోకానికి తెలిసింది.

నేడు కళాశాల విద్యార్థులు థర్మోకోల్ పలకలతో రెండు మీటర్లకు మించిన రెక్కలు గల రేడియో నియంత్రిత నమూనాలను సొంతంగా నిర్మించుకోగలుగుతున్నారు. అట్టి నమూనా తొలిసారి ఎగిరే క్షణంలో కలిగే జయాపజయాలు చాలవరకు అంతకుముందే, నేలమీదనే, నిర్ణయమై ఉంటాయి.

పరిమాణం, భారం

ఒక వస్తువు కొలతలన్నిటినీ రెట్టింపు చేస్తే దాని వైశాల్యం నాలుగు రెట్లు, ఘనపరిమాణం ఎనిమిది రెట్లు పెరుగుతాయి. రెక్క మోయగల బరువు వైశాల్యంపై ఆధారపడుతుంది. మోయవలసిన బరువు ఘనపరిమాణాన్ని అనుసరిస్తుంది. కనుక పెద్ద నమూనాకు దాని లెక్క దానికే వేయాలి.

ఉదాహరణకు, రెక్కల పొడవు 2.4 మీటర్లు, వెడల్పు 36 సెంటీమీటర్లు, మొత్తం బరువు 3.6 కిలోలు గల నమూనాను తీసుకుందాం. రెక్క వైశాల్యం 0.864 చదరపు మీటరు. గాలి సాంద్రతను ఘనమీటరుకు 1.225 కిలోలుగాను, రెక్క గరిష్ఠ ఉత్థాపన గుణకాన్ని 1.2గాను భావిస్తే, ఈ నమూనా గాలిలో నిలువగల కనీస వేగం సెకనుకు సుమారు 7.5 మీటర్లు, అనగా గంటకు 27 కిలోమీటర్లు. బరువు 4.5 కిలోలైతే ఆ వేగం 30 కిలోమీటర్లకు పెరుగుతుంది. అనవసరమైన ప్రతి గ్రామూ నమూనాను మరింత వేగంగా నేలకు దిగవలసిందిగా నిర్బంధిస్తుందన్న మాట.

నిర్మాణం

థర్మోకోల్ మిక్కిలి తేలికైన పదార్థం. ఘనమీటరుకు 16 కిలోల సాంద్రత గల రకంతో పై కొలతల రెక్కను చేస్తే, ఆ థర్మోకోల్ బరువు 400 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. పలక రెండు చివరలా రెక్క అడ్డుకోత ఆకారంలో చెక్క అచ్చులు బిగించి, విద్యుత్తుతో వేడెక్కిన నైక్రోమ్ తీగను వాటి అంచుల వెంట సమవేగంతో లాగితే రెక్క నున్నగా తెగుతుంది. అప్పుడు వెలువడే పొగ హానికరం కనుక, ఈ పని గాలి ధారాళంగా ఆడే చోటనే చేయాలి.

థర్మోకోల్ నొక్కుడును కొంత తట్టుకోగలదు గాని వంపును తట్టుకోలేదు. మలుపు తిరిగేటప్పుడు రెక్కపై భారం పెరుగుతుంది. 60 డిగ్రీల వాలుతో ఎత్తు తగ్గకుండా తిరిగే నమూనా రెక్కలు దాని బరువుకు రెండింతలు మోయాలి. అందుచేత రెక్క పొడవునా కార్బన్ గొట్టాన్నో, మంచి చెక్క బద్దనో వెన్నెముకగా అమర్చాలి. రబ్బరు జిగురు, పెట్రోలు, కొన్ని స్ప్రే రంగులు థర్మోకోల్‌ను కరిగించివేస్తాయి. వడ్రంగులు వాడే తెల్లని జిగురు గాని, ఎపాక్సీ గాని వాడడం ఉత్తమం.

గరిమనాభి

నిర్మాణం పూర్తయిన పిదప మొదట చూడవలసినది గరిమనాభి. సాధారణ తోక గల నమూనాలో అది రెక్క ముందంచు నుండి వెడల్పులో 25 నుండి 30 శాతం దూరంలో ఉండడం క్షేమకరం. పై ఉదాహరణలో ఇది 9 నుండి 10.8 సెంటీమీటర్లు. బ్యాటరీతో సహా అన్నీ అమర్చిన తరువాతనే, ఇద్దరు రెండు వైపులా ఆ గుర్తుల కింద వేళ్లు ఆనించి ఎత్తి చూడాలి. ముక్కు బరువైన నమూనా మందకొడిగానైనా ఎగురుతుంది. తోక బరువైనది ప్రతి చిన్న కదలికకూ అతిగా స్పందించి చేయి దాటిపోతుంది. సీసం ముక్కలు చేర్చే ముందు బ్యాటరీని ముందుకో వెనుకకో జరిపి చూడడం మంచిది.

నేలమీది పరీక్షలు

చాలా నమూనాలు తొలి యానంలోనే కూలడానికి ఒక కారణం నియంత్రణ ఫలకాలు తలక్రిందులుగా కదలడం. పరీక్షించేవారు నమూనా వెనుక నిలబడి చూడాలి. కుడికి ఆజ్ఞ ఇస్తే కుడి రెక్క ఏలిరాన్ పైకి, ఎడమది కిందికి కదలాలి. రడ్డరు కుడికి తిరగాలి. పుల్లను తనవైపు లాగితే ఎలివేటరు వెనుకంచు పైకి లేవాలి. ఒకరు ఆజ్ఞ ఇస్తూ, మరొకరు చూచి బిగ్గరగా చెప్పడం మేలు. తన పొరపాటు తనకు కనబడదు.

తరువాత ట్రాన్స్‌మిటరును తక్కువ శక్తి స్థితిలో ఉంచి, దాని సూచన పుస్తకంలో చెప్పిన దూరం నుండి స్పందనను పరీక్షించాలి. ప్రొపెల్లరు తీసివేసి, ట్రాన్స్‌మిటరును ఆపివేసినప్పుడు మోటారు తానుగా ఆగుతున్నదో లేదో చూడాలి. ఈ ఒక్క పరీక్షే ప్రాణాలను కాపాడవచ్చు. సెకనుకు 20 మీటర్ల వేగంతో వచ్చే 3.6 కిలోల నమూనాలో 720 జౌళ్ల శక్తి ఉంటుంది. 20 మీటర్ల ఎత్తయిన మేడపై నుండి అంతే బరువును కిందికి వదలినట్లు. జనం, రహదారులు, విద్యుత్తు తీగలు లేని మైదానాన్నే ఎంచుకోవడానికి కారణమిదే.

భారతదేశంలో 2021 ఆగస్టులో వెలువడిన డ్రోన్ నియమావళి, 25 కిలోలకు మించకుండా, విద్యకో వినోదానికో, కంటిచూపు మేరలో నడిపే వాటిని నమూనాలుగా గుర్తించింది. విమానాశ్రయాల సమీపం వంటి నిషిద్ధ ప్రాంతాలను గగనతల పటంలో ముందుగా చూచుకోవడం, అవసరమైన నమోదు పూర్తిచేయడం విద్యార్థుల బాధ్యత.

తొలి యానం

గాలి నెమ్మదిగా ఉండే ఉదయవేళ ఇందుకు అనుకూలం. నమూనాను గాలికి ఎదురుగా నిలిపి, శక్తిని క్రమంగా పెంచి, గంటకు సుమారు 35 కిలోమీటర్ల వేగం అందిన తరువాతనే మెల్లగా పైకి లేపాలి. సుమారు 60 మీటర్ల ఎత్తులో సమతలంగా నడుపుతూ, చేయి తీసినా తిన్నగా సాగేటట్లు సవరణలు చేయాలి. ఆ ఎత్తులోనే వేగం తగ్గించి, నమూనా ఎప్పుడు, ఏ వైపు ఒరిగి జారుతుందో తెలుసుకుంటే దిగేటప్పుడు ఆ వేగానికి దిగువకు పోకుండా జాగ్రత్తపడవచ్చు. నమూనా ఎదురుగా వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారైనట్లు తోస్తుంది. అప్పుడు కిందికి వాలిన రెక్క ఎటు కనబడితే పుల్లను అటు కదిలిస్తే అది సరిపడుతుంది. తొలి యానానికి నాలుగైదు నిమిషాలు చాలు. దిగిన వెంటనే అతుకులు, మరలు, బ్యాటరీ వేడి పరిశీలించి, కనుగొన్నవన్నీ పుస్తకంలో వ్రాసుకోవాలి.

1950లో ఏర్పడిన ఎన్.సి.సి. వైమానిక విభాగం విమాన నమూనాల నిర్మాణాన్ని శిక్షణలో ఒక భాగం చేసింది. అఖిల భారత వాయుసైనిక శిబిరంలో వివిధ రాష్ట్రాల క్యాడెట్లు ఈ విద్యలో పోటీపడతారు. వారి మాతృభాషలు వేరైనా గరిమనాభి లెక్క అందరికీ ఒక్కటే. ఒకరి పనిని మరొకరు సరిచూడవలసిన అవసరమూ ఒక్కటే. తొలి ఉదయాన గాలి హెచ్చినా, ఒక మర వదులైనా, ప్రయత్నాన్ని మరునాటికి వాయిదా వేయగల నిగ్రహం ఈ విద్య నేర్పే పాఠాలలో మిక్కిలి విలువైనది.