పక్కింటి గోల - విశ్వాసి వైఖరి

పక్క పోర్షన్‌లోకి కొత్తవాళ్ళు అద్దెకు దిగుతారు. వారం తిరక్కముందే ఇబ్బంది మొదలవుతుంది. అర్ధరాత్రి దాకా సౌండ్ బాక్సుల మోత, మెట్ల మీద కేకలు, గేటుకు అడ్డంగా బండ్లు, మన వాకిట్లో వచ్చి పడే చెత్త. ఇంట్లో ముసలి తల్లికి నిద్ర పట్టదు. పరీక్షలకు చదివే పిల్లలు విసుగెత్తి పుస్తకం మూసేస్తారు. తహజ్జుద్ సంగతి అటుంచి, ఫజ్ర్‌కు లేవడమే కష్టమవుతుంది. వెళ్ళి చెబితే, "మా ఇంట్లో మా ఇష్టం" అని జవాబు వస్తుంది.

ఇలాంటప్పుడు మనం ఏం చేయాలి? నోరు మెదపకుండా భరించడమే సహనమా? పోలీసులకు చెబితే పొరుగువాడి హక్కును కాలరాసినట్లవుతుందా? ఎన్నో కుటుంబాలను వేధిస్తున్న ఈ ప్రశ్నలకు దివ్య ఖుర్‌ఆన్, హదీసుల వెలుగులో సమాధానం తెలుసుకుందాం.

అద్దెకున్నవారూ పొరుగువారే

"వాళ్ళు అద్దెకొచ్చినవాళ్ళు, ఇవాళుండి రేపు పోయేవాళ్ళు. వాళ్ళతో మనకేం సంబంధం?" అని కొందరు అంటుంటారు. ఈ ఆలోచన సరైనది కాదు. అన్నిసా సూరా 36వ ఆయతులో అల్లాహ్ తన ఆరాధన గురించి ఆజ్ఞాపించిన తర్వాత, ఎవరెవరితో మంచిగా మెలగాలో తెలిపాడు. తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, నిరుపేదల తర్వాత బంధువైన పొరుగువాడిని, పరాయివాడైన పొరుగువాడిని, మన పక్కన ఉండే సహచరుడిని ప్రస్తావించాడు. పక్కన ఉండే సహచరుడు అంటే ప్రయాణంలో పక్కన కూర్చున్నవాడు, కొద్దికాలం మనతో కలిసి ఉన్నవాడు కూడా అని వ్యాఖ్యాతలు వివరించారు. ప్రయాణంలో కొన్ని గంటల పాటు పక్కన కూర్చున్నవాడికే హక్కు ఉన్నప్పుడు, పదకొండు నెలల అగ్రిమెంటుతో గోడకు అవతల ఉంటున్నవాడికి ఉండదా?

హజ్రత్ జిబ్రీల్ (అలై) పొరుగువారి విషయంలో తనకు పదే పదే తాకీదు చేస్తుంటే, ఇక వారిని ఆస్తిలో వారసులుగా కూడా చేరుస్తారేమో అని తనకు అనిపించిందని దైవప్రవక్త ముహమ్మద్ (స) తెలిపారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఈ హక్కుకు మతంతో పని లేదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగువారికి పంపించారా అని ఆయన ఇంటివారిని అడిగి, వెంటనే జిబ్రీల్ తాకీదు గురించిన ఈ హదీసునే గుర్తు చేశారు.

కాబట్టి పక్కవాడు మనల్ని బాధపెడుతున్నాడన్నంత మాత్రాన అతని హక్కు మన మీది నుంచి తొలగిపోదు. అలాగే అతని హక్కు ఉంది కాబట్టి మన బాధ అబద్ధమైపోదు. ఈ రెండింటినీ కలిపి పట్టుకోవడమే విశ్వాసి వైఖరి.

ముందు మన ఇంటి చప్పుడు

ఎదుటివారి గోల గురించి మాట్లాడే ముందు మన ఇంటి గోలను కొలుచుకోవాలి. ఎవరి కీడు నుంచి అతని పొరుగువాడు సురక్షితంగా ఉండడో అతడు విశ్వాసి కాడని దైవప్రవక్త (స) మూడుసార్లు ప్రమాణం చేసి చెప్పారు (బుఖారీ). ఈ హెచ్చరిక ముందుగా మనకు వర్తిస్తుంది, ఆ తర్వాతే పక్కింటివారికి.

చప్పుడు విషయంలో దైవప్రవక్త (స) ఎంత జాగ్రత్త తీసుకునేవారో చూడండి. హజ్రత్ మిఖ్దాద్ (రజి) మరో ఇద్దరు సహచరులతో కలిసి ఆయన దగ్గర ఉన్న రోజులవి. దైవప్రవక్త (స) రాత్రిపూట వచ్చి సలాం చేసేవారు. ఆ సలాం మేల్కొని ఉన్నవారికి వినిపించేది, కాని నిద్రపోయేవారికి మెలకువ తెప్పించేది కాదు (ముస్లిం). సలాం వంటి శుభవచనాన్ని కూడా నిద్రపోయేవారి కోసం మెల్లగా పలికారు!

మరో సందర్భంలో దైవప్రవక్త (స) మస్జిదులో ఏతికాఫ్‌లో ఉన్నారు. కొందరు బిగ్గరగా ఖుర్‌ఆన్ పారాయణం చేయడం విన్నారు. తెర తొలగించి, మీలో ప్రతి ఒక్కరూ తన ప్రభువుతో ఏకాంతంగా సంభాషిస్తున్నారు కాబట్టి ఒకరినొకరు బాధపెట్టుకోవద్దని, ఒకరిపై ఒకరు గొంతు పెంచవద్దని ఉపదేశించారు (అబూదావూద్). ఖుర్‌ఆన్ పారాయణమే తోటివారికి ఇబ్బంది కలిగించకూడదన్నప్పుడు, మన ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకు పెట్టే డీజే గురించి ఏం చెప్పాలి? అర్ధరాత్రి బరాత్‌లో కాల్చే టపాసులు, సహరీ పేరుతో వీధంతా దద్దరిల్లేలా పెట్టే మైకులు, వీధి మొదట్లో నుంచే కొట్టే హారన్లు - వీటన్నింటికీ మనం లెక్క చెప్పుకోవలసి ఉంటుంది.

ఒక స్త్రీ రాత్రులు నమాజు చేస్తుంది, పగళ్ళు ఉపవాసం ఉంటుంది, దానధర్మాలు చేస్తుంది, కాని నోటితో పొరుగువారిని బాధపెడుతుంది అని దైవప్రవక్త (స)కు చెప్పినప్పుడు, ఆమె నరకానికి పోతుందన్నారు. మరో స్త్రీ విధి నమాజులు మాత్రమే చేస్తుంది, ఎండిన జున్ను ముక్కలు దానం చేస్తుంది, కాని ఎవరినీ బాధపెట్టదు అన్నప్పుడు, ఆమె స్వర్గవాసి అన్నారు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) దీనిని తన అల్ అదబుల్ ముఫ్రద్ గ్రంథంలో చేర్చారు. పొరుగువారి మనసు విరిచేసి చేసే నఫిల్ ఆరాధనల గతి ఏమిటో దీనిని బట్టి అర్థం చేసుకోవచ్చు.

సహనం అంటే నిస్సహాయత కాదు

ఒక వ్యక్తి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి పొరుగువాడి బాధ గురించి మొరపెట్టుకున్నాడు. వెళ్ళి సహనం వహించు అన్నారు. అతను రెండు మూడుసార్లు మళ్ళీ వచ్చాడు. అప్పుడు, నీ ఇంటి సామాను తీసి దారిలో పెట్టు అన్నారు. అతను అలాగే చేశాడు. వచ్చేపోయేవారు సంగతేమిటని అడగసాగారు. విషయం తెలిసి ఆ పొరుగువాడిని దూషించసాగారు. చివరికి పొరుగువాడే పరుగున వచ్చి, సామాను లోపల పెట్టుకోండి, ఇకపై నా వల్ల మీకు నచ్చనిదేదీ జరగదు అని మాట ఇచ్చాడు. అబూదావూద్‌లో హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటనలో మనకు మూడు పాఠాలున్నాయి.

మొదటిది, తొలి మెట్టు సహనమే. ఒక రాత్రి గోలకే కర్ర పట్టుకొని బయలుదేరకూడదు. రెండవది, సహనానికి కూడా ఒక దశ ఉంది. బాధ ఆగనప్పుడు, ఇంకా ఊరికే భరించు అని దైవప్రవక్త (స) అనలేదు, మార్గం చూపించారు. మూడవది, ఆ మార్గంలో తిట్టు లేదు, దెబ్బ లేదు, ప్రతీకారం లేదు. అన్యాయాన్ని నలుగురి దృష్టికి తేవడం మాత్రమే ఉంది. చెడ్డమాట బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదని, అన్యాయానికి గురైనవాడికి మాత్రం మినహాయింపు ఉందని అన్నిసా సూరా 148వ ఆయతు తెలుపుతోంది. కనుక ఫిర్యాదు చేయడం సహనానికి వ్యతిరేకం కాదు.

చెప్పే పద్ధతి

హజ్రత్ మూసా, హజ్రత్ హారూన్ (అలైహిముస్సలాం)లను ఫిరౌను దగ్గరికి పంపుతూ, అతనితో మృదువుగా మాట్లాడమని అల్లాహ్ ఆదేశించాడు (తాహా: 44). మనం మూసా (అలై) కంటే గొప్పవాళ్ళం కాము. పక్కింటివాడు ఫిరౌను కంటే చెడ్డవాడు కాడు.

కోపంతో ఊగిపోతూ రాత్రి ఒంటిగంటకు తలుపు బాదకండి. మర్నాడు తీరిక వేళ చూసి వెళ్ళండి. ఉత్త చేతులతో వెళ్ళకండి. కూర వండితే నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కి ఉపదేశించారు (ముస్లిం). ఓ గిన్నె సేమియా, నాలుగు సమోసాలు సగం గొడవను తగ్గిస్తాయి. అందరి ముందూ కాకుండా, ఒక్కరితోనే మాట్లాడండి. "మీరు మనుషులేనా?" అని కాకుండా, "అమ్మకు ఒంట్లో బాగోలేదు బాబూ, పది దాటాక కాస్త తగ్గించండి" అని చెప్పండి. ఎదుటివాడికి మన ఇంట్లో జబ్బుమనిషి ఉన్నట్టు తెలియకపోవచ్చు. అతను రాత్రి డ్యూటీ నుంచి వచ్చి అప్పుడే వంట చేసుకుంటూ ఉండవచ్చు. పసిపిల్లల ఏడుపునూ, రోగి మూలుగునూ గోల కింద లెక్కకట్టకండి.

ఇంటి యజమాని బాధ్యత

మాట వినకపోతే ఇంటి ఓనరుకు చెప్పాలి. అతనూ బాధ్యుడే. మన సోదరులలో కూడా ఇళ్ళు అద్దెకిచ్చేవారు చాలామంది ఉన్నారు. వెయ్యి రూపాయలు ఎక్కువ వస్తాయని విచారించకుండా ఇల్లిచ్చి, అద్దె వసూలుకు తప్ప ఆ వీధి వైపు కన్నెత్తి చూడనివారు ఒక్కసారి ఆలోచించాలి. స్వయంగా నష్టపడకూడదు, ఇతరులకు నష్టం కలిగించకూడదు అన్నది దైవప్రవక్త (స) నేర్పిన సూత్రం. ఇరుగుపొరుగు నిద్రను తాకట్టు పెట్టి సంపాదించిన అద్దెలో బర్కత్ ఎలా ఉంటుంది? అద్దెకిచ్చేటప్పుడే రాత్రి చప్పుడు, చెత్త, బండ్ల విషయం తేల్చి చెప్పాలి, అగ్రిమెంటులో రాయాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టం కూడా, ఇరుగుపొరుగుకు ఉపద్రవంగా మారిన కిరాయిదారును ఖాళీ చేయించడానికి అదొక కారణమని పేర్కొంది.

చట్టాన్ని ఆశ్రయించవచ్చు

ఓనరు పట్టించుకోకపోతే అపార్ట్‌మెంటు సంఘం, వీధి పెద్దలు, ఆ తర్వాత పోలీసులు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబుల్స్ పరిమితి. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా. "మా ఇంట్లో మా ఇష్టం" అనేవారికి సుప్రీంకోర్టు 2005 జూలై తీర్పులో సమాధానం ఉంది. తన ఆవరణ దాటి ఇతరులను బాధించేంత శబ్దం చేయడం ఎవరి హక్కూ కాదని, ప్రశాంతంగా జీవించడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని కోర్టు స్పష్టం చేసింది. ఏ తేదీన, ఏ వేళకు ఏం జరిగిందో రాసి ఉంచుకొని, ఉన్నది ఉన్నట్టుగా ఫిర్యాదు రాయండి. ఒక్క మాట కూడా పెంచి రాయవద్దు.

తాగి తలుపులు తన్నడం, ఆడపిల్లలను వేధించడం, చంపుతామని బెదిరించడం జరిగితే మాత్రం ఈ మెట్లన్నీ ఎక్కుతూ కూర్చోనవసరం లేదు. వెంటనే 112కు ఫోన్ చేయాలి. ఇంట్లోవారిని కాపాడుకోవడం మన విధి.

హద్దు దాటకూడదు

ఒక వర్గంపై గల ద్వేషం మిమ్మల్ని న్యాయానికి దూరం చేయకూడదని అల్‌మాయిదా సూరా 8వ ఆయతు హెచ్చరిస్తోంది. కాబట్టి కసికొద్దీ వాళ్ళ నీళ్ళ పైపు కట్టేయడం, చెత్త తిరిగి విసరడం, మన టీవీ ఇంకా పెంచడం తగదు. కిటికీలోంచి తొంగిచూసి, వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టడం తగదు. అల్‌హుజురాత్ సూరా నిషేధించిన ఎగతాళి, పేర్లు పెట్టడం, అనుమానం, గూఢచర్యం, పరోక్షనింద - ఈ అయిదూ పక్కింటి తగాదాలో ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఒకడు తప్పు చేస్తే అతని ఊరినీ, కులాన్నీ, మతాన్నీ తిట్టడం మరో దౌర్జన్యం. బాధితులుగా మొదలై బాధకులుగా మిగలకూడదు.

చెడును మేలైన పద్ధతిలో తొలగిస్తే, శత్రువు కూడా ఆప్తమిత్రుడైపోతాడని ఫుస్సిలత్ సూరా 34వ ఆయతులో శుభవార్త ఉంది. పక్కింటివాళ్ళు మారతారో లేదో మన చేతుల్లో లేదు. ఖాళీ చేసి వెళ్ళిపోయినా, వెళ్ళేనాటికి వారి మనసులో ఒక ముస్లిం ఇంటి గురించి ఏ జ్ఞాపకం మిగిలిందన్నది మన చేతుల్లో ఉంది.

దైవప్రవక్త (స) శాశ్వత నివాసంలో చెడ్డ పొరుగు నుంచి అల్లాహ్ శరణు వేడుకునేవారు. మనం కూడా వేడుకుందాం. అల్లాహ్ మనకు మంచి పొరుగును ప్రసాదించుగాక! అంతకంటే ముందు మనల్ని మంచి పొరుగువారిగా తీర్చిదిద్దుగాక! ఆమీన్.